పత్రిక ‘ప్రతిక’ అయిన చోట: ఒక పాటల పుస్తకాన్ని యూనికోడ్‌లోకి తెచ్చిన కేసు

మా షాపు పాలకొల్లులో. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు రోజూ ఉండే పని. పాత ఫైళ్ళను కొత్త రూపంలోకి మార్చి ఇవ్వడం అప్పుడప్పుడు తగులుతుంది. ఎక్కువగా పెళ్ళి సీడీలు, పాత ఎక్సెల్ షీట్లు. ఈ కేసు వాటికంటే పెద్దది. ఇందులో పుస్తకం, క్యాసెట్లు, వీసీడీ, ఒక పట్టిక అన్నీ ఉన్నాయి. తప్పులూ చేశాను. ఇలాంటి పని చేసేవాళ్ళకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

తెచ్చింది మా హైస్కూల్లో నాకు తెలుగు చెప్పిన మాస్టారు. రిటైరయ్యాక రాజోలు వైపు లంకలో ఉన్న సొంతూరికి వెళ్ళిపోయారు. చించినాడ వంతెన దాటి బస్సులో, ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకుని వచ్చారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు వాళ్ళ వీధిలో నడుంలోతు నీళ్ళు నిలిచాయట. పెట్టె అటక మీద ఉంది కాబట్టి మిగిలింది.

“ఈసారి అటక కూడా మునుగుతుందేమోరా. ఇవన్నీ ఫోన్లో చదువుకునేలా, వినేలా చేసిపెట్టు” అన్నారు.

“ఆయ్, పది రోజుల్లో ఇచ్చేస్తానండి” అన్నాను. పట్టింది 47 రోజులు.

పెట్టెలో 3 సీడీలు, 14 ఆడియో క్యాసెట్లు, ఒక వీసీడీ, 340 పేజీల స్పైరల్ బైండింగ్ ప్రతి ఉన్నాయి. మాస్టారు ఇరవై ఏళ్ళపాటు ఊరూరా తిరిగి సేకరించిన ఊడ్పు పాటలు, పడవ పాటలు, గొబ్బి పాటలు అవి. 2004లో పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేయించి, అచ్చుకు ట్రేసింగ్ తీసే దశ దాకా వచ్చి, డబ్బుల్లేక ఆపేశారు. ఆ స్పైరల్ ప్రతి ఒక్కటే ప్రింటు.

పీడీఎఫ్ దగ్గర మోసపోయాం

సీడీలో పేజ్‌మేకర్ ఫైళ్ళతో పాటు ఒక పీడీఎఫ్ కూడా ఉంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దాన్ని నడపాలంటే మా మూల గదిలో దుమ్ము పట్టిన పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఆన్ చెయ్యాలి. పీడీఎఫ్ అయితే చేతిలో ఉన్నట్టే. మా షాపు కుర్రాడు దాంట్లోంచి టెక్స్ట్ కాపీ చేసి, నెట్‌లో దొరికిన ఒక ఉచిత కన్వర్టర్‌లో వేశాడు. పది నిమిషాల్లో తెలుగు వచ్చేసింది. అబ్బో అనుకున్నాం.

మొదటి పేజీలోనే ‘కోనసీవు’ కనిపించింది. తర్వాత ‘వూట’, ‘వునిషి’. అంటే కోనసీమ, మాట, మనిషి. మ అన్నచోటల్లా వు వస్తోంది. కుర్రాడు ఫైండ్-రీప్లేస్‌లో ‘వూ’ను ‘మా’గా మార్చేశాడు. మాట బాగుపడింది. కానీ మాస్టారు పాటల్ని పాడినట్టే రాసిన మనిషి. ‘వూరు’, ‘వూడ్పులు’ అనే రాశారు. అవి ‘మారు’, ‘మాడ్పులు’ అయిపోయాయి. ‘వూరు దాటి పోయిన పడవ’ కాస్తా ‘మారు దాటి’ పోయింది. కొన్నిచోట్ల ‘మారు’ అన్నా అర్థం కుదురుతుంది, అదే అసలు ప్రమాదం. ఒక తప్పును దిద్దబోతే రెండు పుట్టాయి, వాటిని దిద్దబోతే నాలుగు. అలా 8 రోజులు పోయాయి. ఆ 8 రోజులకు బిల్లు వెయ్యలేదు, వెయ్యకూడదు కూడా.

ఇలా ఎందుకవుతుందో చెప్పాలి. అను ఫాంట్ల లాంటి పాత డీటీపీ ఫాంట్లతో పనిచేసినవాళ్ళకు ఇది తెలిసిందే. అవి 8-బిట్ ఫాంట్లు. ఫాంటులో మొత్తం 256 గళ్ళు, మొదటి 32 కంట్రోల్ క్యారెక్టర్లకే పోతాయి. మిగిలిన గళ్ళలో తెలుగు గుణింతాలు, ఒత్తులు అన్నీ పట్టవు. అందుకని అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. వ పక్కన ఒక తోక పెడితే మ, ఇంకో తోక పెడితే వు. కంటికి అది తెలుగే. కంప్యూటర్‌కు మాత్రం అవి తోకల నంబర్లు. యూనికోడ్ అలా కాదు. అందులో తెలుగుకు కేటాయించిన బ్లాకులో 128 స్థానాలున్నాయి, ఒక్కో స్థానం ఒక్కో అక్షరానికి లేదా గుర్తుకు. అది ఎలా కనపడాలో ఫాంటు చూసుకుంటుంది. క్ష అన్నది క, పొల్లు, ష అనే మూడు కోడ్‌లుగా నిల్వ ఉంటుంది. అంటే మా దగ్గరున్నది అక్షరాలున్న ఫైలు కాదు, అక్షరాల బొమ్మలున్న ఫైలు. ఆ ఉచిత కన్వర్టర్ రెండు తోకల్నీ ఒకే కొమ్ముగా చదువుతోంది. ఆ తేడా పోయాక వచ్చిన తెలుగులో ఎంత వెతికినా అది దొరకదు. ఎక్కడ పోయిందో అక్కడికే వెళ్ళాలి.

ఎక్స్‌పీ కంప్యూటర్ ఆన్ చేశాం.

ముక్కల లెక్క

పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరుచుకున్నాయి. ఒక్కో స్టోరీని (ఒకే వరుసలో నడిచే టెక్స్ట్ భాగాన్ని) ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి. ఇక్కడ ఉత్త టెక్స్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఏ ముక్క ఏ ఫాంటులో ఉందో పోతుంది. పుస్తకంలో అక్కడక్కడ ఇంగ్లీషు మాటలు, అంకెలు వేరే ఫాంటులో ఉన్నాయి. బైట్లు (ముక్కల నంబర్లు) అవే, ఫాంటు వేరు. ఫాంటు పేరు పోతే ఇంగ్లీషు మాట కూడా తెలుగు ముక్కలుగా మారిపోతుంది. ఒక అధ్యాయం అలా చేసి చూస్తే, రికార్డింగ్ జరిగిన సమయం పక్కనున్న ఏఎం, పీఎం అన్నవి పలకడానికి కూడా వీల్లేని మాటలయ్యాయి. అందుకని ఆర్‌టీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేశాం. అందులో ఫాంటు మారిన ప్రతిచోటా గుర్తు ఉంటుంది. తెలుగు ఫాంటు ఉన్న భాగాలనే మార్చి, మిగతావి ముట్టుకోలేదు.

తర్వాత ఏ నంబరు ఏ ముక్కో చెప్పే పట్టిక. దీనికి అడ్డదారి లేదు. 33 నుంచి 255 దాకా ఒక్కో నంబరుకు ఒక్కో వరుస ఉండే ఫైలు చేసి, దానికి అదే ఫాంటు పెట్టి ప్రింటు తీశాం. ప్రతి ముక్క పక్కన అదేమిటో పెన్నుతో రాశాం. ఆ పని మాస్టారే చేశారు, షాపులో కుర్చీ వేసుకుని, రెండు మధ్యాహ్నాలు. కొన్ని ముక్కలు విడిగా చూస్తే ఏమిటో ఆయనకూ అంతుపట్టలేదు. అవి ఏ పదాల్లో వచ్చాయో వెతికి తేల్చాం.

మార్చే ప్రోగ్రాం పైథాన్‌లో రాశాను. పెద్దదేమీ కాదు. ఆర్‌టీఎఫ్‌లోంచి తెలుగు భాగాల బైట్లను విడదీశాక వాటిని లాటిన్-1 అనే కోడ్ పద్ధతిలో చదవాలి. అలా చదివితే 256 బైట్లూ చెక్కుచెదరకుండా లోపలికి వస్తాయి. విండోస్-1252గా చదివితే 129, 141, 143, 144, 157 నంబర్లకు అందులో అక్షరమే లేదు, అక్కడ ఆగిపోతుంది. యూటీఎఫ్-8 అనుకుని తెరిచి సేవ్ చేస్తే మరీ ఘోరం. అర్థంకాని బైట్లన్నీ ఒకే ప్రశ్నార్థకం గుర్తుగా మారతాయి, ఇక వెనక్కి రావు. ఇంకో రెండు దొంగ గళ్ళున్నాయి. 160 అంటే విరగని ఖాళీ, 173 అంటే కనపడని హైఫన్. ఏ వర్డ్ ప్రాసెసర్ గుండానో వెళ్తే ఇవి నోరెత్తకుండా మాయమవుతాయి. పాత ఫాంట్లకు ఆ గళ్ళలో కూడా ఏదో ఒక ముక్క పెట్టుకునే అవకాశం ఉంది. అందుకే పాత ఫాంటు టెక్స్ట్‌ను వర్డ్‌లో అతికించడం మా షాపులో ఇప్పుడు నిషేధం.

పట్టికలో లేని నంబరు ఏదైనా వస్తే ప్రోగ్రాం ఆగిపోవాలని పెట్టుకున్నాను. దాటేసి ముందుకు పోతే పని తొందరగా అవుతుంది, కానీ ఏం దాటేసిందో ఎప్పటికీ తెలియదు. మొదటి రోజు పన్నెండుసార్లు ఆగింది. విసుగే, కానీ ఆ పన్నెండూ నిజమైన ముక్కలే.

క్రారవడి

ఈ పనిలో నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే. మిగతా ఒత్తులు హల్లు కింద, కుడి పక్కన పడతాయి. ర ఒత్తు, అంటే క్రారవడి, ఎడమ నుంచి చుట్టుకుని వస్తుంది. ఈ ఫైళ్ళలో ముక్కలు కంటికి కనపడే వరుసలోనే ఉన్నాయి. కాబట్టి క్రారవడి ముందు, హల్లు తర్వాత. యూనికోడ్‌లో పలికే వరుస ఉండాలి. క, పొల్లు, ర. అంటే క్రారవడిని పట్టుకుని, తర్వాతి హల్లును దాటించి, దాని గుణింతం కంటే ముందు కూర్చోబెట్టాలి.

అది చెయ్యకుండా ముక్కకు ముక్క మార్చేస్తే ఏమవుతుంది? క్రారవడి ముందున్న అక్షరానికి అతుక్కుంటుంది. ‘ప్రభ’లో ముందు అక్షరమే లేదు. అందుకని చుక్కల వలయం ఒకటి కనపడుతుంది, తప్పు తెలిసిపోతుంది. ‘యాత్ర’లో ముందున్నది దీర్ఘం, దానికి ఒత్తు అతకదు, అక్కడా వలయమే. ఇవి మంచి తప్పులు. గుణింతం గుర్తు పక్కన పొల్లు ఉన్న చోట్లు చూపించమంటే కంప్యూటరే చూపిస్తుంది.

ముందున్నది తలకట్టు అక్షరం అయినప్పుడే చిక్కు. ‘చక్రం’ ‘చ్రకం’ అవుతుంది. ‘పత్రిక’ ‘ప్రతిక’ అవుతుంది. ‘భద్రాచలం’ ‘భ్రదాచలం’ అవుతుంది. యూనికోడ్ ప్రకారం అవి తప్పులేని అక్షరాలు, వలయం రాదు, ఏ ప్రోగ్రామూ అరవదు. ‘ప్రతిక’ను నేనే రెండుసార్లు చదివి దాటిపోయాను. గోదావరి పాటల పుస్తకంలో రాముడు లేని పేజీ ఉండదు, రాముడున్నచోట భద్రాచలం ఉంటుంది. ఆ పదం దగ్గర మాస్టారు పట్టుకున్నారు. “ఇదేం ఊర్రా, భ్రదాచలం?” అని ఆయన అడిగినప్పుడు, అప్పటికే మార్చిన 120 పేజీలు పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టాను. చేత్తో దిద్దొచ్చు కదా అన్నాడు కుర్రాడు. దిద్దొచ్చు. కానీ చేత్తో దిద్దిన ఫైలులో ఎన్ని మిగిలాయో లెక్క చెప్పలేం. ప్రోగ్రాం దిద్దితే అన్నీ ఒక్కలాగే మారతాయి, తప్పయినా ఒక్కలాగే తప్పవుతుంది, అప్పుడు పట్టుకోవచ్చు.

చిన్నవి కొన్ని. అక్షరం పక్కన పెట్టే సున్న, తెలుగు అంకె సున్నా కంటికి ఒకటే. ఫైల్లో వేరు. ‘గంగ’ అని వెతికితే అంకె సున్నా పెట్టి టైపు చేసిన గంగ దొరకదు. 2004లో టైపు చేసినావిడ రెండూ కలిపేసి వాడింది, ప్రింటులో తేడా తెలియదు కాబట్టి ఆవిడ తప్పేమీ లేదు. ఐత్వం రెండు ముక్కలుగా వస్తుంది. పై ముక్క ఎత్వంగా, కింది ముక్క విడిగా. రెండూ కలిపి ఒకే కోడ్ చెయ్యాలి, లేకపోతే చూడ్డానికి బాగానే ఉంటుంది, వెతుకులాటలో దొరకదు. ‘నర్సాపూర్‌లో’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం విడిగా నిలబడాలంటే మధ్యలో కనపడని విడదీసే గుర్తు ఒకటి పెట్టాలి. లేకపోతే ‘నర్సాపూర్లో’ అయి కూర్చుంటుంది. పాత ఫైల్లో ఒత్తు ముక్క వేరు, పొల్లు ముక్క వేరు కాబట్టి ఈ తేడాను కచ్చితంగా పట్టుకోగలిగాం.

సరిచూడటానికి వాడిన పద్ధతి వెనక్కి మార్చడం. యూనికోడ్‌లోకి వచ్చినదాన్ని అదే పట్టికతో మళ్ళీ పాత నంబర్లలోకి మార్చి, అసలు ఫైలుతో బైటు బైటు పోల్చాం. పాత ఫాంటులో ఒకే గుడికి వెడల్పు అక్షరాలకొకటి, సన్న అక్షరాలకొకటి ఉంటాయి. అలాంటి జంటల్ని ముందు ఒకటి చేసుకుంటేనే పోలిక కుదురుతుంది. చివరికి 212 చోట్ల తేడా వచ్చింది. ఒక్కోటీ తెరిచి చూస్తే చాలావరకు మా తప్పులు కావు. టైపిస్టు తలకట్టు రెండుసార్లు నొక్కింది. ఒకదాని మీద ఒకటి పడి ప్రింటులో ఒకటిగానే కనపడింది. ఇరవై ఏళ్ళుగా ఎవరికీ కనపడని తప్పులు అవి. మావి 31 తేలాయి, అన్నీ పట్టికలో రెండు ముక్కల దగ్గరివే.

ఆ తర్వాత కూడా మనిషి చదవాల్సిందే. స్పైరల్ ప్రతి నా చేతిలో, ఫోను మాస్టారి చేతిలో. ఆయన పైకి చదువుతుంటే నేను చూశాను. ఆయన కొన్ని పాటలు చదవడం మానేసి పాడారు. పని నెమ్మదించింది కానీ ఆపబుద్ధి కాలేదు.

క్యాసెట్లు

క్యాసెట్లలో నాలుగింటికి బూజు పట్టింది. డెల్టా తేమకు ఇది మామూలే. ఒకదానికి టేపును హెడ్‌కు నొక్కి ఉంచే ఫెల్ట్ ముక్క ఊడిపోయింది. స్క్రూలు విప్పి టేపు చుట్లను వేరే క్యాసెట్ పెంకులోకి మార్చాం. ప్లేయర్ హెడ్ వంపు ప్రతి క్యాసెట్‌కూ సరిచేసుకున్నాం. చిన్న స్క్రూ అది, తిప్పుతుంటే గొంతు మీద దుప్పటి తీసినట్టు ఒక్కసారి స్పష్టంగా వినిపిస్తుంది. ఇది రికార్డింగ్ కంటే ముందే చెయ్యాలి. హెడ్ చదవని శబ్దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు.

24-బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో వేవ్ ఫైళ్ళుగా రికార్డు చేశాం. నిమిషానికి 17 ఎంబీ పైచిలుకు, 90 నిమిషాల క్యాసెట్‌కు ఒకటిన్నర జీబీ. వాటిని ఫ్లాక్‌లోకి మార్చాం. ఫ్లాక్ సైజు తగ్గిస్తుంది కానీ ఏమీ పారెయ్యదు, తిరిగి విప్పితే అదే వేవ్. ఫోన్లో వినడానికి వేరుగా ఎంపీ3. ఎంపీ3 చెవికి అక్కర్లేదనుకున్నదాన్ని పారేసి సైజు తగ్గిస్తుంది. కాబట్టి అది వినడానికే, దాన్నుంచి మళ్ళీ ఇంకోటి తియ్యకూడదు.

ఇక్కడ నా అత్యుత్సాహం ఒకటి చెప్పాలి. పడవ పాటల క్యాసెట్‌లో వెనక గరగర ఎక్కువగా ఉంటే నాయిస్ తగ్గించే ఫిల్టర్ గట్టిగా వేశాను. గొంతు స్టూడియోలో పాడినట్టు వచ్చింది. గర్వంగా వినిపించాను. మాస్టారు కాసేపు విని, “తెడ్డు చప్పుడు ఏదిరా?” అన్నారు.

ఆ పాట నడుస్తున్న పడవలో రికార్డు చేసిందట. తెడ్డు నీళ్ళలో పడే చప్పుడే దానికి తాళం. ఫిల్టర్‌కు అది గరగర. అసలు రికార్డింగ్ విడిగా ఉంచాం కాబట్టి సరిపోయింది. ఇప్పుడు శుభ్రం చేసిన ప్రతి ఇవ్వడం మానేశాను, అడిగితే తప్ప. మరో క్యాసెట్‌లో ఒక వైపు గొంతు సన్నగా, వేగంగా ఉంది. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీలు అయిపోవచ్చి టేపు నెమ్మదిగా తిరిగి ఉంటుంది. మాస్టారికి ఆ పాడినావిడ గొంతు గుర్తుంది. ఆయన తలూపేదాకా వేగం తగ్గించాం. దిద్దినదీ దిద్దనిదీ రెండూ ఇచ్చాం.

వీసీడీ, పట్టిక

వీసీడీలో ఒక కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉంది. వీసీడీ అంటే ఎంపెగ్-1 వీడియో, మన పాల్ పద్ధతిలో 352×288 చుక్కలు (పిక్సెళ్ళు). హైదరాబాద్‌లో ఉన్న మాస్టారి అల్లుడు ఫోన్ చేసి “4కేలో చేయండి” అన్నాడు. లేని చుక్కలు ఎక్కడినుంచి వస్తాయండీ? సాగదీస్తే ప్రభల రంగు నూలు అలికినట్టు అవుతుంది, అంతే. మేం చేసింది రెండు పనులు. డిస్కులోని డాట్ (DAT) ఫైలులోంచి వీడియోను మళ్ళీ ఎన్‌కోడ్ చెయ్యకుండా, ఉన్నదున్నట్టు మామూలు ఎంపెగ్ ఫైలుగా తీసి భద్రపరిచాం. ఇది కూర ముట్టుకోకుండా క్యారియర్ మార్చడం లాంటిది. ఫోన్ల కోసం మాత్రం హెచ్.264లో ఎంపీ4 చేశాం, అది కూర మళ్ళీ వండటమే. వీసీడీలో వీడియో ఉండే సెక్టార్లకు డేటా సీడీలకు ఉండే అదనపు దిద్దుబాటు ఉండదు. అందుకే గీతలు పడ్డ ఒకచోట బొమ్మ రెండు సెకన్లు ఆగుతుంది. మూడు డ్రైవ్‌లలో వేసి చూసినా అక్కడే ఆగింది, అలాగే ఇచ్చేశాం.

పాటలు, పాడినవాళ్ళు, ఊళ్ళు, పేజీలు ఉన్న పట్టిక మాత్రం మాకు ఎదురుదెబ్బ. ఎక్సెల్‌లో పేజీ గడిలో ‘3-4’ అని కొడితే అది తేదీ అయిపోయింది. ఆ తేదీని మళ్ళీ టెక్స్ట్‌గా మారిస్తే ఐదంకెల సంఖ్య వస్తుంది. మొదటే ఆ గళ్ళను టెక్స్ట్‌గా పెట్టుకోవాల్సింది. తర్వాత సీఎస్‌వీగా ఇచ్చాం, మాస్టారి మనవరాలు ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చిగీతలు. ఫైలు మొదట్లో యూటీఎఫ్-8 గుర్తు పెట్టి సేవ్ చేస్తే సరిపోయింది.

అప్పగింత

రెండు హార్డ్‌డిస్కులు ఇచ్చాం. ఒకటి మాస్టారి దగ్గర, ఒకటి హైదరాబాద్‌లో. పాత పేజ్‌మేకర్ ఫైళ్ళు, ఆ ఫాంటు, పెన్నుతో రాసిన పట్టిక స్కాన్, మార్చే ప్రోగ్రాం కూడా అందులోనే పెట్టాం. రేపు నా పట్టికలో ఇంకో తప్పు బయటపడితే మళ్ళీ మొదటినుంచి చేసుకోవచ్చు. పుస్తకం ఈపబ్‌గా, పీడీఎఫ్‌గా ఫోన్లో ఎక్కించాం.

మాస్టారు షాపులోనే ఫోను తీసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ‘భద్రాచలం’ అని కొట్టారు. 17 చోట్ల వచ్చింది.

“18 ఉండాలిరా” అన్నారు.

మళ్ళీ క్రారవడేనా అని నాకు టెన్షన్. ప్రోగ్రాం తెరిచాను, పాత ఫైలులో వెతికాను, వెనక్కి మార్చి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి ఆయనే పేజీ తిప్పి చూపించారు. ఒక ఊడ్పు పాటలో ‘బద్రాసెలం’ అని ఉంది.

“దీన్ని దిద్దమంటారా?” అన్నాను.

“వద్దు. ఆవిడ అలాగే పాడింది” అన్నారు.

పాటల పట్టికలో ఇంకో గడి చేర్చాం, ‘వాడుక రూపం’ అని. ఆ పాట ఎదురుగా భద్రాచలం అని రాశాం, వెతికితే దొరకడానికి. పాటలో మాత్రం ముట్టుకోలేదు.